కౌంటరు వెనక కాళ్లు

జూన్ 9

అత్తా,

ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటంటావని తెలుసు. ఫోన్ చేస్తే "ఆఁ, చెప్పు" అని నువ్వే మొదలుపెట్టి నువ్వే ముగిస్తావు. మధ్యలో నా వాటాకి వచ్చేది "ఊఁ" ఒక్కటే. కాగితం మీదైతే నా మాటకి అడ్డం రాలేవు. పైగా ఇక్కడ గేటు దగ్గరే మా ఫోన్లు లాక్కుని రాత్రి దాకా పెట్టెలో పడేస్తారు, సినిమా బొమ్మలు బయటికి పొక్కకూడదని.

కార్టూన్ సినిమా తీసే చోటంటే గోడల నిండా రంగులుంటాయనుకున్నాను. ఏమీ లేవు. పెన్సిల్ పొట్టు, చల్లారిన టీ కప్పులు, అద్దం కింద దీపం వెలిగే బల్లలు. నాలాంటి నేర్చుకునేవాళ్లమంతా ఒక పొడుగు బల్ల దగ్గర కూర్చుంటాం. సినిమాకి నిజంగా గీసేవాళ్లు అద్దాల తలుపు అవతల హాల్లో ఉంటారు. ఆగస్టు ఆఖరికి మాలో కొందర్ని ఆ తలుపు లోపలికి పిలుస్తారు. మిగిలినవాళ్లు ఇంటికి. నా విషయంలో ఇంటికి అంటే ఎక్కడికో నీకు వేరే చెప్పాలా? నాన్న జెరాక్స్ షాపుకి. "బొమ్మ కావాలంటే మిషను మీద పెట్టి మీట నొక్కితే క్షణంలో వస్తుంది, దానికి నెలల తరబడి నేర్చుకోవడమేంటి?" అన్న మనిషాయన. నువ్వు అడ్డుపడి "ఆగస్టు దాకా దాని జోలికి రాకు. దానికి చేతకాకపోతే నేనే తీసుకొచ్చి నీ షాపులో కూర్చోబెడతా" అని మాటిచ్చావు. ఇప్పుడు నీ మాట ఉంటుందో పోతుందో తెలియని స్థితి వచ్చింది.

అత్తా, నాకు కాళ్లు రావు. నవ్వకు. మాకు సినిమాలోని ఒక మనిషినిచ్చి, తల నుంచి మడమ దాకా, ఏదో ఒక భంగిమలో నిలబెట్టి గీయమన్నారు. పాఠం చెప్పేది రబ్బరు మాస్టారు. ఆయన నోటికన్నా చేతిలో రబ్బరు ఎక్కువ పనిచేస్తుంది కాబట్టి మేం పెట్టుకున్న పేరది. నా బొమ్మ మొహం చూసి తలూపారు. చేతులు చూసి "ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నారు. కాళ్ల దగ్గరికొచ్చి నడుం కింద మొత్తం చెరిపేశారు. "నీ బొమ్మ నిలబడలేదమ్మా, మేకుకి తగిలించి ఉంది" అన్నారు.

రాత్రంతా ఆలోచిస్తే తప్పు నీదేనని తేలింది. బడి వదిలాక రోజూ బస్టాండులో నీ టికెట్ కౌంటరు ఎదురుగా బెంచీ మీద కూర్చోబెట్టేదానివి. అక్కడే కూర్చుని కిటికీలో కనిపించే నిన్ను గీస్తూ పెరిగాను. నా చేతికి తెలిసిన మనిషి కిటికీ చెక్క దగ్గర ఆగిపోతుంది. కింద కాళ్లుంటాయని తెలియక కాదు, వాటితో నాకెప్పుడూ పని పడలేదు.

అందుకని నువ్వే సాయం చెయ్యాలి. చిల్లర తేని మనిషితో పోట్లాడేటప్పుడు లేచి, నడుం మీద చేతులు పెట్టుకుంటావు చూడు, నాకు సరిగ్గా అది కావాలి. నడుం పైన కంఠతా వచ్చు. కింద ఏం జరుగుతుంటుందో చూసి రాయి. ఎవరి బొమ్మో మాత్రం అడక్కు, చెప్పనని సంతకం పెట్టించుకున్నారు. ఆవిడ ఒక వంతెన మీద నిలబడుతుంది, ఆవిడ ఒప్పుకోనిదే ఎవరూ దాటలేరు. అంతవరకే.

కాళ్లు లేని చిత్రకారిణి,
నీ మేనకోడలు


జూన్ 17

కోడలు పిల్లా,

నీ ఉత్తరం చదవగానే కోపం వచ్చింది. టీ తాగాను, తగ్గింది. ఇంకోసారి చదివాను, మళ్లీ వచ్చింది.

నేనెప్పుడు పోట్లాడానే? నిన్నటి సంగతే చెప్తా విను. ఒక పెద్దమనిషి ఇంత పెద్ద నోటు చేతిలో పెట్టి పక్క ఊరికి టికెట్టు అడిగాడు. నేను మర్యాదగా "బాబూ, చిల్లర నా కోటు జేబులో మొలుస్తుందా?" అన్నాను. "అది చూసుకోవడం మీ పని కాదా?" అన్నాడు. అప్పుడు నేను మరింత మర్యాదగా లేచి నిలబడ్డాను. వెనకున్న ఇద్దరు తమంతట తామే పక్క వరుసలోకి వెళ్లిపోయారు. ఆ పెద్దమనిషి జేబులన్నీ వెతుక్కుని సరిపడా చిల్లర తీశాడు. దీన్ని పోట్లాట అనేవాళ్లని ఏమనాలో నాకు తెలియదు.

సరే, నువ్వు చెప్పకపోయినా నాకర్థమైంది. వంతెన. ఆవిడ ఒప్పుకోనిదే ఎవరూ దాటరు. రాణి కదూ? నీ సంతకానికి భంగం రాకుండా ఎవరికీ చెప్పలేదు. మైకాయనకి ఒక్కడికే చెప్పాను. ఏ బస్సు ఎక్కడాగిందో అరవడం తప్ప జీవితంలో ఇంకో రహస్యం బయటపెట్టని మనిషి. ఆయన ఎవరికి చెప్పాడో ఏమో, ఊడ్చే అమ్మాయి నిన్న నా కుర్చీ రెండుసార్లు తుడిచింది.

ఇందులో నా ఫొటో పెట్టాను. ప్రత్యేకం స్టూడియోకి వెళ్లి తీయించుకున్నది. మెడ వంపు గమనించు. పక్కన బల్ల, పూలకుండీ వాళ్లవే. ఒళ్లో శాలువా నాది. కూర్చుని తీయించుకున్నాను, రాణులు ఊరికే నిలబడరు కాబట్టి.

కాళ్లంటావా, అందరికీ ఉన్నట్టే రెండున్నాయి. చూసి రాయడానికి అందులో విశేషమేమీ లేదు. అయినా రాణి కాళ్లు ఎవరు చూస్తారే? నేల మీద జీరాడే గౌను తొడిగెయ్, పీడా పోతుంది.

మీ నాన్న నిన్న బస్టాండు మీదుగా వెళ్తూ "ఏమంటోంది నీ చిత్రకారిణి?" అన్నాడు. "అద్దాల తలుపు అరడుగు దూరంలో ఉందిట" అన్నాను. నన్ను అబద్ధాలకోరుని చెయ్యకు.

మెడ వంపు మర్చిపోవద్దని మరీ మరీ చెప్తూ,
నీ అత్త


జూన్ 26

అత్తా,

ఫొటో పొడుగు బల్ల దగ్గర అందరూ చూశారు. మెడ వంపు అమోఘం. శాలువా అంచు మీద కుట్టుపని కూడా స్పష్టంగా ఉంది. కాళ్లు మాత్రం నీ శాలువా కిందే భద్రంగా ఉన్నాయి.

నువ్వు చెప్పినట్టే గౌను తొడిగాను. మాస్టారు పెన్సిల్ కొసతో గౌను అంచు ఎత్తబోయినట్టు నటించి, వంగి చూసి, "లోపల ఎవరూ లేరే" అన్నారు. బల్లంతా ఒకటే నవ్వు. మర్నాడు మోకాళ్ల దాకా గడ్డి మొలిపించాను. "వంతెన మీద గడ్డా?" అన్నారు. ఆ తర్వాత పొగమంచు. ఆ తర్వాత ఆవిడ ముందు ఒక పెట్టె పెట్టాను. ఆయన పెట్టెని చెరిపేసి, ఆ ఖాళీని నాకు చూపించి వెళ్లిపోయారు.

ఇక్కడి పాఠం ఇదీ. ముందు మనిషిని గీయకూడదు, ఒకే ఒక్క గీత గీయాలి, నెత్తి నుంచి మడమ దాకా. మనిషి ముందుకి ఉరుకుతోందో, వెనక్కి తగ్గుతోందో, భీష్మించుకు కూర్చుందో ఆ గీతలోనే తెలిసిపోవాలి. ఆ తర్వాత బరువు ఏ కాలి మీదుందో తేల్చుకోవాలి. చివరగా మాస్టారి పరీక్ష. బొమ్మని నడుం దాకా కాగితంతో కప్పేస్తారు. ఒట్టి కాళ్లు చూసి ఆవిడ మనసులో ఏముందో చెప్పగలగాలి. నా బొమ్మని కప్పితే రెండు పొట్లకాయలు మిగులుతున్నాయి.

అందుకని నీ రాజసం కాసేపు పక్కన పెట్టి ఒక పని చెయ్యి. పాత టైంటేబుల్ కాగితాలు అతికించి గోడకి తగిలించండి. నువ్వు దాని ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడు. మైకాయన్ని నీ చుట్టూ గీత గీయమను. చుట్టి పంపించు. రాణి సంగతి నేనేమీ మాట్లాడను, నా సంతకం అడ్డొస్తోంది.

పొట్లకాయల యజమానురాలు,
నీ మేనకోడలు


జులై 8

కోడలు పిల్లా,

నీ మూలంగా నా పరువు మొత్తం బస్టాండు పాలైంది. వివరంగా రాస్తాను, తీరిగ్గా సిగ్గుపడు.

మధ్యాహ్నం బస్సులు తక్కువుండే వేళ చూసి, మైకాయన గదిలో కాగితం తగిలించాం. గది ఎందుకంటే హాల్లో అందరూ చూస్తారని. నేను నిలబడ్డాను. ఆయన స్కెచ్చు పెన్ను పట్టుకుని గీయబోతూ "మేడమ్, ఊపిరి బిగబట్టకండి, గీత వంకరపోతోంది" అన్నాడు. "నేనేం బిగబట్టలేదు, నా నడుమే అంత" అన్నాను. "పొద్దున్న కౌంటర్లో ఇంత సన్నంగా లేదే" అన్నాడు. "పొట్ట లోపలికి పట్టుకుంటే రాణి అయిపోతారా మేడమ్, వదిలెయ్యండి, ఉన్నదున్నట్టు గీస్తాను" అని కూడా అన్నాడు. అప్పుడు బయట హాల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత చాలామంది కొట్టారు.

మైకు ఆపలేదే ఆ మహానుభావుడు!

బయటికొచ్చేసరికి మూడో ప్లాట్‌ఫారం మీది డ్రైవరు నాకు వంగి దండం పెట్టాడు. బస్సు దిగుతున్న ఒక పిల్ల "అమ్మా, రాణి ఈవిడేనా?" అంది. "ఆఁ" అని తలెత్తుకుని కౌంటర్లోకి వచ్చి కూర్చున్నాను. ఆ పిల్లకి నిజం చెప్పాల్సిన అవసరం నాకేమీ కనపడలేదు.

గీసిన కాగితం చుట్టి పంపుతున్నాను. నడుం దగ్గర గీత ఆయన మొదట వేరే చోట గీశాడు, నేను సరిదిద్దించాను. కింద రెండు కాళ్లూ సమానంగా, బుద్ధిగా ఉన్నాయి, చూసుకో. అంతసేపు నిలబడటం మామూలు సంగతి కాదు. నువ్వు కాబట్టి నిలబడ్డాను.

బస్టాండు మహారాణి అనిపించుకుంటున్న
నీ అత్త


జులై 20

అత్తా,

మైకు సంగతి చదివి మెస్‌లో నవ్వు ఆపుకోలేక టీ ముక్కులోంచి వచ్చింది. పక్కమ్మాయి ఇంకో బల్లకి మారిపోయింది.

కాగితం నేల మీద పరిచి చూశాను. అత్తా, ఇది నువ్వు కాదు. కూజా మెడంత నడుం, కింద రెండు స్తంభాలు. అయినా గుడ్డిగా నమ్మి అచ్చం అలాగే గీసి చూపించాను. మాస్టారు చూసి "ఈవిడ ఊపిరి పీల్చి వదలడం మర్చిపోయింది, ఎవరైనా గుర్తు చెయ్యండి" అన్నారు. ఆ తర్వాత రబ్బరు.

నవ్వుతూ రాస్తున్నాను గానీ భయంగా ఉంది. మొన్న పొడుగు బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీ అయింది. గోడవైపు కూర్చునే అబ్బాయి, నాకన్నా బాగా గీస్తాడనుకున్నవాడు, సంచీ సర్దుకుని వెళ్లిపోయాడు. నాన్న ఫోన్ చేసి "షాపులో కొత్త స్టూలు వేయించాను, మెత్తగా ఉంది" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. అదే భయం. నాకు ఇక్కడే ఉండాలనుంది అత్తా. ఇంకేదీ ఇంతగా కావాలనిపించలేదు ఎప్పుడూ.

ఖాళీ చేతులతో రాయడం ఇష్టం లేక, నీ చేతులు గీసి పంపుతున్నాను. టికెట్ చింపే చెయ్యి, చిల్లర లెక్కపెట్టే చెయ్యి, "పక్కకి జరగండి" అనే చెయ్యి. ఇవి మాత్రం మాస్టారు చెరపలేదు.

నీ మేనకోడలు


ఆగస్టు 2

గౌరవనీయులైన చిత్రకారిణి గారికి,

తమరు పంపిన చేతుల చిత్రం అందింది. చాలా బాగుంది. ఎంత బాగుందంటే, మురిసిపోయి దాన్ని నా కౌంటరు అద్దానికి లోపలివైపు అంటించుకున్నాను, పొద్దస్తమానం చూసుకుంటూ కూర్చోవచ్చని.

ఆ రోజు బస్టాండు మర్యాద చూసి నేనే ఆశ్చర్యపోయాను. ఒక్కరు కూడా పెద్ద నోటు ఇవ్వలేదు. అందరూ సరిపడా చిల్లర ముందే లెక్కపెట్టుకుని, రెండు చేతులతో అందించారు. ఎప్పుడూ వరుస తప్పించి తల దూర్చే మనిషి అందరికన్నా వెనక నిలబడ్డాడు. ఒక తండ్రి తన కొడుకుని చూపించి "వీడు అన్నం తినడం లేదండీ" అని నాకు ఫిర్యాదు చేశాడు. నాకెందుకు చెప్తున్నాడో అర్థం కాక "తినాలి నాన్నా" అన్నాను. వాడు బావురుమన్నాడు. రాణినని అందరికీ తెలిసిపోయింది కాబోలు అనుకున్నాను.

సాయంత్రం డ్యూటీ దిగి, మామూలుగా వెనక తలుపులోంచి వెళ్లేదాన్ని, ఆ పూట మాత్రం ముందువైపు నుంచి వెళ్లాను. వెళ్తూ నా కౌంటరు వంక చూశాను.

తమరు చేతులు గీసిన కాగితానికి రెండోవైపు కూడా ఉంది. ఆ సంగతి తమరు మర్చిపోయినట్టున్నారు. రెండు కొమ్ములు. ఇటొక కోర, అటొక కోర. నా ముక్కు. నా కళ్లజోడు. నడుం మీద నా చేతులే. కింద తమరి చేతిరాత: "అత్త, కోపం, మూడో రకం".

అది పొద్దుట్నుంచీ జనం వైపు తిరిగి ఉంది.

నాకు కొన్ని సందేహాలున్నాయి. ఒకటి, తమరి సినిమాలో రాణి అసలు ఉందా? రెండు, మూడో రకం అంటే మొదటి రెండు రకాలు ఎవరికి పంపారు? తమరి ఉత్తరం వచ్చేదాకా ఫోన్ ఎత్తదలచుకోలేదు.

తమరి విధేయురాలు,
టికెట్ కౌంటరు


ఆగస్టు 9

అత్తా, అత్తా, అత్తా,

నువ్వు నన్ను "తమరు" అనడం ఇదే మొదటిసారి. తిట్టినా ఇంత భయం వేయదు.

ఉంది, రాణి ఉంది. రెండు నిమిషాలు కనిపించి, కిటికీలోంచి చెయ్యి ఊపి వెళ్లిపోతుంది. ఆవిడకి మెడ వంపు తప్ప ఇంకేమీ లేదు. సినిమా అంతా వంతెన మీద నిలబడేది రాక్షసి. దారిన పోయే ప్రతివాణ్ణీ ఆపి లెక్క అడిగేది రాక్షసి. పిల్లలు భయపడతారు, ఆనక ఆమెనే వెతుక్కుంటూ మళ్లీ వంతెన దగ్గరికి వస్తారు. మాకు ఆ రాక్షసిని గీయమని ఇచ్చిన రోజున "నిలబడితే ఎదుటివాడు దారి మార్చుకోవాలి, అలాంటి మనిషి ఎవరైనా తెలుసా మీకు?" అని మాస్టారు అడిగారు. బల్లంతా ఆలోచిస్తోంది. నేను ఒక్కదాన్నే చెయ్యెత్తాను.

చెప్పనందుకు తిట్టు. కొంత సంతకం వల్ల, కొంత నీ మెడ వంపు చూసి నోరు రాక. ఇప్పుడు నువ్వు చూసేశావు కాబట్టి నువ్వూ సంతకం పెట్టినట్టే.

ఈ నెలాఖరుకి బొమ్మ ఇవ్వాలి. మొహం ఉంది, చేతులున్నాయి, కోపం ఉంది. నిలబడటం లేదు. అద్దం ముందు నేనే నిలబడి చూశాను, రాక్షసి కాదు కదా, దారి తప్పిన గొర్రెలా ఉన్నాను. నీలా నిలబడేవాళ్లు ఇక్కడెవరూ లేరు. సాయం చేస్తే చెయ్యి, లేకపోతే మెత్తటి స్టూలు నా కోసం ఎదురుచూస్తోంది. అక్కడ కూర్చుని జీవితాంతం అందరి కాగితాలకీ రెండోవైపు చూసి మరీ జెరాక్స్ తీస్తాను.

చెంపలేసుకుంటూ,
నీ మేనకోడలు


ఆగస్టు 18

ఒసేయ్ కోడలా,

రాక్షసని ముందే ఏడిస్తే పొట్ట లోపలికి పట్టే బాధ తప్పేది కదే! నెల రోజుల నుంచి బస్టాండులో ఊపిరి బిగబట్టి తిరుగుతున్నాను.

నీ ఉత్తరం చదివి మూతి ముడుచుకునే కూర్చున్నాను ఒక పూట. మైకాయన వచ్చి "మేడమ్, ఆ బొమ్మ తీసేసినప్పటి నుంచి మళ్లీ పెద్ద నోట్లు మొదలయ్యాయి, తిరిగి పెట్టకూడదూ?" అన్నాడు. ఆలోచిస్తే నిజమే. రాణికి ఎవరు భయపడతారు? కోరలు బయటివైపే ఉండేలా మళ్లీ అంటించాను. చేతులు నావైపు ఉన్నాయి. ఇద్దరికీ న్యాయం జరిగింది.

ఇక నీ నిలబడటం. ఈసారి మైకు తీగ నేనే పీకేసి, కాగితం హాలు గోడకే తగిలించాను, కింద నేల మీదా ఒకటి పరిచాను. నిలబడ్డాను గానీ కోపం రాదే! ఎంత ప్రయత్నించినా బొమ్మలకొలువులో బొమ్మలా నిలబడుతున్నాను. మైకాయన గీయడం మొదలుపెట్టి, "మేడమ్, కాగితం చాలదేమో, పక్కన ఇంకోటి అతికించనా?" అన్నాడు.

అంతే. ఏమన్నానో నాకు గుర్తులేదు. ఊడ్చే అమ్మాయి చీపురు పారేసి వెళ్లిపోయింది. మైకాయన మాత్రం "అలాగే ఉండండి, కదలకండి, తిడుతూనే ఉండండి" అంటూ నా చుట్టూ గీసుకుంటూ పోయాడు. మంచి మనిషి. తిట్లు అయిపోయాక టీ ఇప్పించాను.

నేల అప్పుడే తడిగుడ్డ పెట్టి తుడిచి ఉంది. నా బూట్ల తడి అచ్చు కింది కాగితం మీద పడింది. ఆరిపోకముందే దాని చుట్టూ కూడా గీశాడు. ఒక చెయ్యి నడుం మీద లేదేమిటని అడుగుతావేమో, బెంచీ వీపు మీద వేశాను. ఠీవి కోసం. గీత ఎక్కడా సరిదిద్దించలేదు. నడుం ఉన్నంత ఉంది. చూసి ఎవరికీ చెప్పకు.

వెళ్లి ఆ అద్దాల తలుపు బద్దలుకొట్టు.

నీ రాక్షసి


ఆగస్టు 30

అత్తా,

తలుపు బద్దలుకొట్టలేదు. వాళ్లే తీశారు.

నీ కాగితం పరిచి చూశాను. నెత్తి నుంచి మడమ దాకా ఒకే గీత, వంగిన విల్లులా. ఎడమ తుంటి పైకి లేచి ఉంది, కుడి భుజం బెంచీ వైపు ఒరిగి ఉంది. దాన్ని అలాగే పట్టుకుని, రాక్షసి చెయ్యిని బెంచీకి బదులు వంతెన రాతికి ఆనించి, కొమ్ములు పెట్టి గీశాను. నిలబడింది అత్తా! మొదటిసారి నేను గీసిన మనిషి నేల మీద నిలబడింది. మాస్టారు వచ్చారు. రబ్బరు జేబులో పెట్టుకున్నారు. బల్లంతా నోరెళ్లబెట్టింది.

ఆ తర్వాత ఆయన అడిగారు: "ఈవిడకి కుడి మోకాలు ఎప్పటినుంచి నొప్పి?"

నేను నవ్వాను. "నొప్పేం లేదండీ, ఠీవి" అన్నాను. ఆయన బొమ్మని నడుం దాకా కాగితంతో కప్పారు. "ఇప్పుడు చూసి చెప్పు" అన్నారు.

ఎడమ బూటు అచ్చు పూర్తిగా ఉంది. కుడి బూటుకి వేళ్ల కొస ఒక్కటే. మడమ కింద పెట్టనే లేదు నువ్వు. నాకు కాళ్లు చూడటం వచ్చింది అత్తా, చూశాను. కూర్చుని తీయించుకున్న ఫొటో, ఒళ్లో శాలువా, "అంతసేపు నిలబడటం మామూలు సంగతి కాదు", వెనక తలుపులోంచే వెళ్లడం, బెంచీ మీద చెయ్యి. అన్నీ ఉత్తరాల్లోనే ఉన్నాయి. నేను నవ్వుకుంటూ చదివేశాను.

ఉద్యోగం వచ్చింది. సంతోషంగా ఉంది. నీ మీద చాలా కోపంగా ఉంది. మొదటి రకం కాదు, మూడో రకమే. ఎప్పటినుంచి? డాక్టరుకి చూపించావా? ఎందుకు చెప్పలేదు? పోట్లాటా, ఠీవీ అని మాట మార్చకుండా రాయి.

నీ మేనకోడలు


సెప్టెంబరు 8

కోడలు పిల్లా,

కిందటి చలికాలం నుంచి. చూపించలేదు. చెప్పకపోవడానికి కారణం, ఆఫీసులో తెలిస్తే కిటికీ దగ్గర్నుంచి తీసి వెనక గదిలో ఫైళ్ల మధ్య కూర్చోబెడతారని. అక్కడ నేనెవరితో మాట్లాడను? బీరువాలతో పోట్లాడనా? కిటికీ వెనకున్నంతసేపు ఎవరికీ నా కాళ్లు కనపడవులే అని ధైర్యం. నువ్వు అక్కడ కూర్చుని కాగితం మీద కనిపెడతావని ఎవరనుకున్నారు?

నీకు ఉద్యోగం వచ్చిందని చదివి ఏడ్చాను, రాయడానికి సిగ్గేం లేదు. ఆ కింది మాటలు చదివి మళ్లీ ఏడ్చాను. నన్ను ఇన్నేళ్లుగా రోజూ వేలమంది చూస్తున్నారు. నడుం కింద ఎలా ఉన్నానని ఒక్కరూ చూడలేదు. నువ్వొక్కదానివే చూశావు.

మీ నాన్నకి ఉత్తరం చూపించాను. రెండుసార్లు చదివి, "కాళ్లు అంత బాగా గీసిందా?" అన్నాడు. మర్నాడు షాపు మూసి నన్ను డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాడు. మెట్ల దగ్గర చెయ్యి పట్టుకున్నాడు. తిరిగొచ్చాక ఆ మెత్తటి స్టూలు తెచ్చి నా కౌంటర్లో వేశాడు, కాలు చాపుకోవడానికి. నిజంగానే మెత్తగా ఉంది. ఆఫీసువాళ్లు నన్ను కదపలేదు. పెద్ద నోట్ల గొడవ ఇంకెవరు చూస్తారని భయపడినట్టున్నారు.

మందులిచ్చారు, వ్యాయామం చెప్పారు. అన్నిటికీ ఒప్పుకున్నాను. ఒక్కదానికి ఒప్పుకోలేదు. చేతికర్ర పట్టుకుని నడవాలట! నేనా? మూడో ప్లాట్‌ఫారం డ్రైవరు ముందు నుంచి, కర్ర టకటకలాడించుకుంటూనా? నాకింకా అంత వయసు రాలేదని డాక్టరుకి చెప్పి, కర్ర తలుపు వెనక నిలబెట్టాను. మీ నాన్న బతిమాలాడు, మైకాయన బతిమాలాడు. నేను లొంగలేదు.

నా షరతు ఒకటే. ఆ రాక్షసిదీ నాదీ ఒకటే మోకాలు కదా? ముందు దానికివ్వు కర్ర. అది పట్టుకుంటే నేను పట్టుకుంటాను. నేనొక్కదాన్నే ముసలిదాన్నవడం నాకిష్టం లేదు.

భీష్మించుకుని కూర్చున్న
నీ అత్త


సెప్టెంబరు 17

అత్తా,

నీ షరతు మాస్టారికి చదివి వినిపించాను. నవ్వుతారనుకున్నాను. ఆయన లేచి సినిమా తీసే పెద్దవాళ్ల గదిలోకి వెళ్లారు. మధ్యాహ్నానికి తిరిగొచ్చి "ఒప్పుకున్నారు. కర్రతో వంతెన మీద ఒక్కటి కొడితే ఊరంతా ఆగిపోవాలి, అలా గీయి" అన్నారు.

కాబట్టి తలుపు వెనక నుంచి నీ కర్ర తియ్యి. ఇవాళే తియ్యి. ముందువైపు నుంచి నడువు, డ్రైవరు చూస్తుండగా, టకటకలాడిస్తూ.

నాకు రాయడానికి తీరిక లేదు. రెండు కాళ్లు రావని ఏడ్చినదాన్ని, పొద్దున్నుంచీ మూడు గీస్తున్నాను.

నీ కోడలు పిల్ల